60 పళ్ల చక్రంలో రెండు పళ్లు ఎందుకు ఉండవు?

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎంత తిరిగిందో పట్టే క్రాంక్ సెన్సార్ ఎదుట తిరిగే పళ్ల చక్రంలో రెండు పళ్లు కావాలనే తీసేస్తారట, దాంతో స్పార్క్ టైమింగ్ ఎట్ల తెలుస్తుంది అని అడిగారు. అనంతపురం గుత్తి రోడ్డులో నాకు షెడ్డు ఉంది. ఆ చక్రం కోసం మూడు రోజులు కొట్టుకున్నా, అందుకే రాస్తున్నా.

తాడిపత్రి నుంచి ఒక పెట్రోల్ కారు వచ్చింది. వారం ముందే ఎవరో క్లచ్ ప్లేటు మార్చారు. అప్పట్నుంచి ఊర్లో బాగానే పోతుంది, హైవే ఎక్కి 2,500 ఆర్‌పీఎం దాటితే జర్కులు. స్కానర్ పెడితే పి0336 అనే కోడ్ వచ్చింది. "సెన్సార్ రెండుసార్లు మార్పించినానన్నా, ఇంక నా వల్ల కాదు" అన్నాడు బండాయన.

ఆ కోడ్ వచ్చిందంటే సెన్సార్ పోయిందని కాదు, దాన్నుంచి వచ్చే సిగ్నల్ లెక్కకు పొసగడం లేదని. ఎంతమందికి చెప్పినా ఎక్కదు. కోడ్ చూడ్డం, పార్టు మార్చడం, డబ్బులు తీసుకోవడం, ఇప్పుడు రిపేరంటే ఇంతే అయిపోయింది.

ఈ బండికి పళ్లు ఫ్లైవీల్ (క్రాంకు చివర, క్లచ్ బిగించే బరువు చక్రం) మీదే ఉంటాయి. సెన్సార్ విప్పి ఆ రంధ్రంలోకి టార్చి కొట్టాం. నేను ముందు పుల్లీకి స్పానర్ వేసి మెల్లగా తిప్పుతుంటే, మా పిల్లోడు ఒక్కో పన్నూ చూసి నేల మీద సుద్దతో గీతలు గీశాడు. రెండు పళ్లు లేని ఖాళీ దాటి 41వ పన్ను దగ్గర "అన్నా, ఇది పక్కకు వాలింది" అన్నాడు. క్లచ్ మార్చేటప్పుడు, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్ బోల్టులు విప్పడానికి ఫ్లైవీల్ తిరక్కుండా ఎవరో స్క్రూడ్రైవర్ దోపినారు. పోటు పడినచోట ఇనుము ఇంకా మెరుస్తా ఉంది.

60 పళ్ల లెక్కన పన్నుకు 6 డిగ్రీలు. రెండు తీసేస్తే 58 పల్సులు వరసగా వచ్చి, ఖాళీ దగ్గర మాత్రం మూడింతల టైమ్ పడుతుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అక్కణ్ణుంచి ఒకటి, రెండు అని లెక్క మొదలుపెడుతుంది. ఖాళీ తర్వాత ఎన్నో పంటికి ఒకటో పిస్టన్ పైకి చేరుతుందో దానికి ముందే తెలుసు. పైకి చేరడానికి 10 డిగ్రీల ముందు స్పార్క్ కావాలంటే, రెండు పళ్ల మధ్య టైమ్‌ను కూడా ముక్కలు చేసి లెక్క కడుతుంది. 3,000 ఆర్‌పీఎంలో పంటికి పంటికి మధ్య మిల్లీసెకనులో మూడో వంతే. వేగం పెరిగేకొద్దీ మిగతా పళ్ల సిగ్నల్ బలపడి, వాలిన పంటిది తేలిపోతుంది. ఈసీయూకి అక్కడ ఇంకో ఖాళీ ఉన్నట్టు అనిపిస్తుంది. లెక్క తప్పి, అసలు ఖాళీ మళ్లీ దొరికేదాకా స్పార్క్ ఆపేస్తుంది. ఆయన బండిలో జర్కు అదే.

నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద. ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి, టైమింగ్ లైట్ పట్టుకుని చేత్తో తిప్పి పెట్టేవాళ్లం. దాన్ని తిప్పే గేర్ అరిగితే టైమింగ్ ఊగేది, ఎంత పెట్టినా నిలిచేది కాదు. ఈ చక్రం నేరుగా క్రాంకుతోనే తిరుగుతుంది, మధ్యలో అరిగి లూజయ్యే గేర్ లేదు. పాత పద్ధతే మేలనే పెద్దోళ్ల మాట నేను ఒప్పుకోను.

గేర్‌బాక్స్ మళ్లీ దించాం. పన్ను సుత్తితో సరిచేయమన్నాడు ఆయన, నేను వినలేదు. బెంగళూరు నుంచి పాత ఫ్లైవీల్ తెప్పించి వేశాం. జర్కు పోయింది. అంతకుముందు విప్పేసిన రెండు సెన్సార్లూ సీటు కింద దొరికాయి. మీటర్ పెట్టి చూస్తే రెండింటి కాయిలూ బాగానే ఉన్నాయి.