వెళ్ళిపోయినవాడి గొంతు కోసం వెతకొద్దు

తమ్ముడూ,

నీ మెసేజ్ చదివాను. పాడేవాడు వెళ్ళిపోయాడు, వాడి వెనకే డ్రమ్మరూ వెళ్ళిపోయాడు, డ్రమ్స్‌కి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, సింగర్ కోసం ఇంకా ఆడిషన్లు పెడుతున్నారు, చేతిలో ఉన్న పాటల్లో సగం పాతవాళ్ళున్నప్పుడు చేసినవి, స్టూడియో డేట్లు మాత్రం బుక్ అయిపోయాయి. నీ టెన్షన్ నాకు అర్థమైంది. నేను చెప్పేది ముఖ్యంగా ఒకటే. కొత్తవాళ్ళని పాతవాళ్ళలా వాయించమనీ, పాతవాడిలా పాడమనీ అడగకు. ఇప్పుడు ఆ గదిలో ఎవరున్నారో వాళ్ళ చేతుల్లోంచి, వాళ్ళ గొంతుల్లోంచి వచ్చేదే మీ ఆల్బమ్.

ముందు ఆడిషన్లు ఆపెయ్. వచ్చిన ప్రతి మనిషినీ మీరు వెళ్ళినవాడితో పోల్చి చూస్తున్నారు, నీ మెసేజ్‌లోనే అది కనిపిస్తోంది. "బాగానే పాడాడు కానీ వాడిలా లేదు" అని ముగ్గురి గురించీ అదే మాట రాశావు. అలా వెతికితే దొరికేది నకలే. 1980లో జాయ్ డివిజన్ అనే ఇంగ్లిష్ బ్యాండు సింగర్ ఇయాన్ కర్టిస్ చనిపోయాక మిగిలినవాళ్ళు బయటనుంచి సింగర్‌ని తెచ్చుకోలేదు, న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకుని తమలో తామే మార్చి మార్చి పాడి చూసుకున్నారు, చివరికి గిటారిస్ట్ బెర్నార్డ్ సమ్నర్ మీద నిలబడింది ఆ బాధ్యత. 1981లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ వింటే ఇంకా పాత బ్యాండు నీడలోనే ఉన్నట్టుంటుంది. 1983లో రెండోది వచ్చేసరికి సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు), డ్రమ్ మెషీన్లు ముందుకొచ్చాయి, సమ్నర్ గొంతు ఎలా ఉందో అలాగే వదిలేశారు, అప్పటికి అది పూర్తిగా వాళ్ళ సొంత సౌండ్ అయింది. అంత పెద్ద బ్యాండుకే కొన్నేళ్ళు పట్టింది, మీరు కొన్ని నెలల్లో అయిపోవాలని మీ మీద మీరే ఒత్తిడి పెట్టుకుంటున్నారు.

జెనెసిస్ బ్యాండు సంగతి కూడా దాదాపు ఇంతే. 1975లో సింగర్ పీటర్ గేబ్రియల్ వెళ్ళిపోతే బోలెడుమందిని పిలిచి విన్నారు, ఆఖరికి వెనకాల డ్రమ్స్ మీద కూర్చున్న ఫిల్ కాలిన్సే ముందుకొచ్చి పాడాడు. మీ పాటల్లో కోరస్ కింద లైను ఇన్నాళ్ళూ పాడింది నువ్వే కదా. ఆ గొంతు మీ పాటలకి కొత్తదేమీ కాదు. నువ్వు పాడు. సిగ్గుపడితే మీ కీబోర్డు వాయించే మనిషితో సగం సగం పంచుకో.

ఇక పాత పాటలు. బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్ అనే బ్యాండు గురించి నీకు తెలిసే ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో వాళ్ళ రెండో ఆల్బమ్ విడుదలవడానికి కొద్దిరోజుల ముందు సింగర్ ఐజాక్ వుడ్ తప్పుకున్నాడు. మిగిలిన ఆరుగురూ అతని పాటలు వేరేవాళ్ళ చేత పాడించకుండా, మొత్తం కొత్త పాటలు రాసుకుని వాటితోనే స్టేజీ ఎక్కారు. 2023లో ఆ కొత్త పాటల్ని లైవ్ రికార్డుగా తెచ్చారు, 2025లో గానీ స్టూడియో ఆల్బమ్ రాలేదు, అందులో ముగ్గురు అమ్మాయిలు పాటలు పంచుకుని పాడారు. అంటే ముందు జనం ఎదురుగా వాయించారు, ఏది నిలబడుతుందో చూశారు, ఆ తర్వాతే స్టూడియోకి వెళ్ళారు. నన్నడిగితే మీకూ అదే దారి. బుక్ చేసిన డేట్లు వెనక్కి జరపండి. కుదరదంటే ఆ రోజుల్లో రెండు మూడు కొత్త పాటలు మాత్రం చేసి ఈపీగా (ఆల్బమ్ కంటే చిన్న రికార్డుగా) వదలండి, ఆల్బమ్ తర్వాత చూసుకోవచ్చు.

పాతవన్నీ పారెయ్యమనడం లేదు. కానీ ప్రతిదాన్నీ మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. నువ్వు పంపిన ఫోన్ రికార్డింగ్‌లో ఆ స్పీడు పాట విన్నాను. పాత డ్రమ్మర్ స్నేర్ డ్రమ్‌ని తాళం కంటే వెంట్రుకవాసి ముందుగా కొట్టేవాడు, అందుకే మీ పాటలన్నీ పరిగెడుతున్నట్టుండేవి. ఈ అమ్మాయి కాస్త వెనక్కి ఆగి కొడుతుంది. అది తప్పు కాదు, చాలా బాగుంది, దాంట్లో బరువుంది. ఇబ్బంది ఎక్కడంటే మీ బేసిస్ట్ ఇంకా పాత డ్రమ్మరే ఉన్నట్టు వాయిస్తున్నాడు. కిక్ (ఆమె పాదంతో కొట్టే పెద్ద డ్రమ్) పడకముందే అతని నోట్ మొదలైపోతోంది, రెండూ ఒక దెబ్బగా కలవకుండా ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి, అందుకే కింద అంతా బురదగా వినిపిస్తోంది. మీరేమో గిటార్ గెయిన్ (ఆంప్‌లో సౌండు మోతాదు) పెంచి దాన్ని కప్పెయ్యాలని చూస్తున్నారు. అలా చెయ్యకండి. గిటార్లు, కీబోర్డు అన్నీ ఆపేసి బేసూ డ్రమ్సూ మాత్రమే గదిలో ఉండాలి, ఒకే ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు) తిప్పి తిప్పి వాయించాలి, అతను తన వేళ్ళని కాకుండా ఆమె పాదాన్ని చూస్తూ వాయించాలి. క్లిక్ (వేగం చూపే టిక్ టిక్ శబ్దం) నిమిషానికి 152 బీట్లలో పెట్టారనుకో, 144కి దించి చూడండి, ఆ పాట నెమ్మదించినా ఇంకా గట్టిగా నిలబడుతుందని నా నమ్మకం. అది కుదిరాక ఒక్కో వాయిద్యాన్నీ లోపలికి రానివ్వండి. అప్పుడు మీ పాత గిటార్ లైన్లలో సగం అక్కర్లేదని మీకే తెలుస్తుంది.

పాట కీ (శ్రుతి) కూడా చూసుకో. వెళ్ళినవాడి గొంతు నీకంటే బాగా పైన ఉంటుంది. పాట E మేజర్‌లో ఉండి, వేలు నొక్కకుండా ఖాళీ తీగలు మోగడం మీదే దాని అందం ఆధారపడి ఉంటే, రెండు సెమీటోన్లు (ఒక టోన్) దించడానికి గిటార్లన్నీ ఒక టోన్ కిందికి ట్యూన్ చేసుకోండి, వేళ్ళు మారవు, ఆ మోతా పోదు. నాలుగు సెమీటోన్లు దించాల్సి వస్తే మామూలు తీగలు వదులైపోతాయి, అప్పుడు ట్యూనింగ్‌ని కాకుండా మెలొడీని మార్చు. పై స్వరం పట్టుకోలేక గొంతు చించుకునే కంటే నీ గొంతుకి హాయిగా ఉండేచోట కొత్త లైను రాయి.

అన్ని ఖాళీలూ నింపాలని కూడా లేదు. 1997లో డ్రమ్మర్ బిల్ బెర్రీ వెళ్ళిపోయాక ఆర్‌ఈఎమ్ బ్యాండు అతని చోట ఇంకో సభ్యుణ్ణి తీసుకోలేదు, మరుసటేడు వచ్చిన ఆల్బమ్‌లో డ్రమ్ మెషీన్లు చాలాచోట్ల వినిపిస్తాయి, ఆ రికార్డు స్వభావమే మారిపోయింది.

కాగితాల పని వాయిదా వెయ్యొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. పాట మీద హక్కు వేరు, ఆ రికార్డింగ్ మీద హక్కు వేరు. మెలొడీ, మాటలు పాతవాడివైతే ఇప్పుడు నువ్వు పాడినా రచయితగా అతని వాటా అతనికే వెళ్ళాలి. ఒక్కో పాటకీ ఎవరిది ఎంత శాతమో స్ప్లిట్ షీట్ రాసుకుని రికార్డింగ్‌కి ముందే అందరూ సంతకాలు పెట్టండి, వెళ్ళిపోయిన ఇద్దరితో సహా. పాత డ్రమ్మర్ వాయించిన ట్రాక్ ఎక్కడైనా వాడితే క్రెడిట్స్‌లో అతని పేరుండాలి. బ్యాండు పేరు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. కొత్త అమ్మాయి సభ్యురాలా, డబ్బులిచ్చి పిలిచిన ప్లేయరా అన్నది ఆమెకి స్పష్టంగా చెప్పాలి. పాట కట్టడంలో ఆమె చెయ్యి ఉంటే వాటా ఇవ్వండి, అడిగేదాకా చూడొద్దు.

వెళ్ళినవాళ్ళ గురించి బయట ఒక్క మాట కూడా చెడుగా అనకండి. రోస్తమ్ అనే సంగీతకారుడు 2016లో తన బ్యాండు వాంపైర్ వీకెండ్‌ని వదిలాడు, అయినా 2019లో వాళ్ళు తెచ్చిన ఆల్బమ్‌లో కొన్ని పాటలకి పనిచేశాడు. తలుపు మూసుకోకపోతే అలాంటివీ జరుగుతాయి.

షోల్లో పాత పాట వాయించమని అరుస్తారు, అరవనీ. మీకు ఇష్టమైతే ఒకటి వాయించండి, కానీ కొత్త పద్ధతిలోనే.

రేపు పొద్దున్నే స్టూడియోకి ఫోన్ చేసి డేట్లు జరుపుతారేమో కనుక్కో. ఈ వారాంతంలో ఆ ఎనిమిది బార్లు రికార్డు చేసి పంపు, బేసూ డ్రమ్సూ మాత్రమే, ఫోన్‌లోదైనా చాలు. విని ఏమనిపించిందో రాస్తాను.

మీ అన్న