ఎల్‌ఎల్‌బీ లేకుండా పేటెంట్ ఏజెంట్ కావచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. యోగి వేమన యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నాను. వయసు 29. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలని ఉంది. లా చదవకపోతే కుదరదని అందరూ అంటున్నారు. ఒక కోచింగ్ వాళ్లేమో 40 వేలు కట్టండి, పరీక్ష, రిజిస్ట్రేషన్ అన్నీ మేమే చూసుకుంటాం అంటున్నారు. ఈలోపు మా చిన్నాన్న కొడుకు శెనక్కాయలు ఒలిచే మిషను ఒకటి తయారుచేస్తే దానికి ప్రొవిజనల్ అప్లికేషన్ (పూర్తి వివరాలకు ముందు వేసే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) నేనే రాసిపెట్టాను, సంతకం మాత్రం వాడిదే. ఆ ఉత్సాహంలో వాట్సాప్‌లో నా పేరు కింద "పేటెంట్ ఏజెంట్" అని పెట్టుకున్నాను. ఇద్దరు ముగ్గురు ఫీజెంత అని కూడా అడుగుతున్నారు. ఇందులో తప్పేమైనా ఉందా? ఉద్యోగం మానేయాలా?

జవాబు: అమ్మా, ముందు వాట్సాప్ తెరిచి ఆ రెండు మాటలు తీసేయండి, మిగతాది తర్వాత చదువుదురు. పేటెంట్స్ చట్టం 129వ సెక్షన్ ప్రకారం పేటెంట్ ఏజెంట్ల రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు రాసి వేసే ఆ పని చేయకూడదు, పేటెంట్ ఏజెంట్ అని చెప్పుకోకూడదు, ఎవరైనా అలా పిలుస్తుంటే ఊరుకోనూకూడదు. మీరితే 123వ సెక్షన్ కింద 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు, అయినా కొనసాగిస్తే రోజుకు వెయ్యి చొప్పున పెరుగుతుంది కూడా. ఫీజు అడిగిన ఆ ఇద్దరు ముగ్గురికీ "ఇంకా రిజిస్టర్ కాలేదు" అని నిజం చెప్పేయండి, డబ్బు మాత్రం ముట్టుకోవద్దు.

మీ తమ్ముడి అప్లికేషన్ గురించి టెన్షన్ పడకండి. ఎవరి ఆవిష్కరణకు వాళ్లే స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) రాసుకోవచ్చు, పేటెంట్ ఆఫీసు ముందు వాళ్లే హాజరుకావచ్చు, ఆ హక్కు 132వ సెక్షన్‌లోనే ఉంది. ఇంట్లో అక్కగా సాయం చేశారు, సంతకం అతనిది, మీరు పైసా తీసుకోలేదు. మీ ప్రశ్న నుంచి నాకు అర్థమైనంతవరకు అందులో ఇబ్బంది కనిపించడం లేదు.

ఇక లా డిగ్రీ సంగతి. 126వ సెక్షన్ అడిగేది భారత పౌరసత్వం, 21 ఏళ్లు నిండిన వయసు, సైన్స్ లేదా ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ, ఆపైన అర్హత పరీక్షలో పాస్, అంతే. ఎల్‌ఎల్‌బీ ఊసే లేదు. మీ కెమిస్ట్రీ ఇక్కడ బలం, మందుల కంపెనీల స్పెసిఫికేషన్లు చదివితే నాకు సగం అర్థం కాదు, మీకు అవుతుంది. పేటెంట్ ఏజెంట్ అని కాకుండా వకీలుగా కంట్రోలర్ (పేటెంట్ ఆఫీసు అధికారి) ముందు హియరింగ్‌లో వాదించడం వేరే విషయం, అది మా పని.

పరీక్షలో పేటెంట్స్ చట్టం, రూల్స్ మీద ఒక పేపరు 100 మార్కులకు, స్పెసిఫికేషన్లు రాయడం, అర్థం చెప్పడం మీద రెండోది 100కి, వైవా 50కి. 2003 రూల్స్‌లోని 110వ రూల్ ప్రకారం రెండు పేపర్లలోనూ విడివిడిగా 50 రావాలి, మొత్తం మీద 60 శాతం, అంటే 250కి 150 రావాలి. చాలామంది ఆ 50 దగ్గర ఆగిపోయి లెక్క తప్పుతారు. రెంటిలోనూ బొటాబొటిగా 50 తెచ్చుకుంటే వైవాలో 50కి 50 రావాలి, అది జరిగే పనేనా? పేపరుకు 65 గురిపెట్టుకుని చదవండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత నోట్స్ కొనకండి. ఎగ్జామినేషన్ రిక్వెస్టు (దరఖాస్తును పరిశీలించమని కోరడం) గడువు ఒకప్పుడు 48 నెలలు, 2024 మార్చి సవరణతో 31 నెలలైంది, పాత పుస్తకం చదివినవాళ్లు అక్కడే మార్కు పోగొట్టుకుంటారు. చట్టం, రూల్స్ పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదవండి. పేటెంటు ఇవ్వకముందు వేసే అభ్యంతరం "ఎవరైనా" వేయవచ్చు, ఇచ్చాక ఏడాదిలోపు వేసేది "ఆసక్తి ఉన్న వ్యక్తి" మాత్రమే వేయాలి. ఇలాంటి ఒక్క మాట తేడా మీదే ప్రశ్నలు ఉంటాయి. తెలిసిన మందుకే కొత్త రూపం ఇచ్చి, గుణం మెరుగుపడకపోతే పేటెంటు ఇవ్వకూడదనే 3(డి) సెక్షన్‌నూ, దానిమీద 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన నోవార్టిస్ తీర్పునూ కెమిస్ట్రీ మనిషిగా మీరు బాగా చదివి ఉండాలి, వైవాలో అడిగే అవకాశం ఎక్కువ.

రెండో పేపరుకు చదివితే చాలదు, రోజూ రాయాలి. మీ తమ్ముడి మిషనే తీసుకోండి. "ఇనుప ఫ్రేము మీద బిగించిన తొట్టి, దాని కింద రబ్బరు దిమ్మెలున్న తిరిగే డ్రమ్ము, డ్రమ్ము కింద వంపు జల్లెడ" అని క్లెయిమ్, అంటే దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యం, రాశారనుకోండి. రేపు ఆదోనిలో ఇంకొకరు అల్యూమినియం ఫ్రేముతో అదే మిషను చేసి అమ్మితే మీ క్లెయిమ్‌లోని ఆ "ఇనుప" అన్న మాట పట్టుకుని తప్పించుకుంటాడు. పప్పు పగలకుండా ఆపుతున్నది ఫ్రేము కాదు కదా, రబ్బరుకూ జల్లెడకూ మధ్య ఉన్న సందు. అసలు విషయం దాన్లో ఉంటే మొదటి క్లెయిమ్ దానిచుట్టూ తిరగాలి, ఇనుము సంగతి కింద ఇంకో క్లెయిమ్‌లో పెట్టుకోవచ్చు. అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) 150 మాటలు దాటకూడదు, లెక్కపెట్టి రాయండి. పేటెంట్ ఆఫీసు కాగితాలు హిందీలోగానీ ఇంగ్లిష్‌లోగానీ ఉండాలి కాబట్టి తెలుగులో ఆలోచించినా ఇంగ్లిష్‌లో రాయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. ప్రతి శుక్రవారం పేటెంట్ జర్నల్ వస్తుంది, వారానికి రెండు స్పెసిఫికేషన్లు తీసుకుని, క్లెయిమ్స్ మూసిపెట్టి, మీరే రాసి పోల్చుకోండి. ఏ కోచింగూ ఇంతకంటే నేర్పదు.

ఈ పరీక్ష ఏటా ఒక తేదీకి వస్తుందనుకోకండి. 2018 అక్టోబరులో జరిగాక మళ్లీ 2023 మే దాకా జరగనే లేదు. అందుకే నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే ఆలస్యమే. అది వచ్చినప్పుడు సిలబస్ మొదటి లైను నుంచి చివరి దాకా చదివి, అప్లికేషన్ మీరే మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో నింపండి. టెన్త్ సర్టిఫికెట్, డిగ్రీ, ఆధార్ మూడింటిలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, పెళ్లయ్యాక మారి ఉంటే ముందే సరిచేయించుకోవడం మంచిది. 40 వేలు అడిగేవాళ్లు రిజిస్ట్రేషన్ చేయిస్తామనడం నమ్మదగ్గ మాట కాదు. పాసైతే పేరు దానంతటదే ఎక్కదు, మీరే ఫారం 22 ఇచ్చి, ఫీజు కట్టి, రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. పాసైన రోజుకూ పేరెక్కిన రోజుకూ మధ్య కూడా మీరు ఏజెంటు కాదు.

ఉద్యోగం మానక్కర్లేదు. పూర్తికాలపు జీతం మీద మా వకీళ్లకున్నలాంటి నిషేధం పేటెంట్స్ చట్టంలో ఏజెంట్లకు లేదు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో వేరే పని చేయకూడదని రాసి ఉంటే మాత్రం కాలేజీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

చివరిగా, మీరు అడగనిది ఒకటి. ధర్మవరం నుంచి మగ్గాల మెకానిక్ ఒకాయన నా దగ్గరికి వచ్చాడు, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన ప్రొవిజనల్ రసీదుతో. తేదీ చూస్తే 14 నెలలు దాటింది. రాసిపెట్టినతను ఆ సంగతే చెప్పలేదట. ప్రొవిజనల్ వేసిన 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ వేయకపోతే 9వ సెక్షన్ ప్రకారం అప్లికేషన్ వదులుకున్నట్టే. కొత్తగా వేద్దామంటే ఈలోపు పది మిషన్లు అమ్మేశాడు, ఇక కొత్తదనం ఎక్కడిది? ఆయన రసీదు మళ్లీ అదే మడతల్లో పెట్టుకుని వెళ్తుంటే నాకు చాలా బాధేసింది. మీ తమ్ముడి రసీదు మీద తేదీ ఈరోజే చూసి 12 నెలలు లెక్కపెట్టండి. డ్రాఫ్టు మీరు ప్రాక్టీసుగా రాయండి, అతను చదివి తన పేరుతో, తన సంతకంతో వేయనివ్వండి. క్లెయిమ్స్ దగ్గర అనుమానం ఉంటే ఫారం 26 మీద రిజిస్టరైన ఏజెంటుకు అప్పగించమనండి, మన జిల్లాలన్నీ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికే వస్తాయి.