కథల ఆడియో ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా వినిపిస్తుంటే లెవెల్ ఎంత పెట్టాలి?

ప్రతి కథనూ పీక్ 0 డీబీకి నార్మలైజ్ చేశాకే అప్‌లోడ్ చేస్తున్నా, ఒకటి గట్టిగా, ఇంకొకటి మెల్లగా ఎందుకు వస్తోందని అడిగారు. నేను నాలుగేళ్లుగా ఇంట్లో కథలు చదివి రికార్డు చేస్తున్నాను. మొదటి ఏడాదంతా నాదీ ఇదే బాధ.

చిక్కంతా ఆ పీక్ దగ్గరే ఉంది. ఫైలు మొత్తంలో సిగ్నల్ ఒక్క క్షణం తాకిన అన్నిటికంటే పై ఎత్తే పీక్. అది 0 డీబీని, అంటే డిజిటల్ ఆడియో పై హద్దును, తాకేలా ఫైలు మొత్తాన్ని ఒకే మేర పెంచడమే మీరు చేస్తున్న నార్మలైజ్. చెవికి తెలిసే గట్టితనం వేరు. ఒకసారి పులి కథ చదువుతూ, పులి దూకే చోట బల్ల మీద అరచేత్తో కొట్టాను. వేవ్‌ఫామ్ (తెర మీద కనిపించే శబ్దం గీత) చూస్తే పన్నెండు నిమిషాల కథలో ఆ ఒక్క దెబ్బ తాటిచెట్టులా నిలబడి ఉంది, నా గొంతంతా దాని కింద గడ్డిలా ఉంది. నార్మలైజ్ చేస్తే ఆ దెబ్బ 0 దగ్గరికి చేరింది, గొంతు మాత్రం కిందే ఉండిపోయింది.

చెవికి తెలిసే గట్టితనాన్ని కొలిచే కొలమానం లఫ్స్ (LUFS). ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగేది మైనస్ 16 లఫ్స్, ఒక డీబీ అటూ ఇటూ. ట్రూ పీక్, అంటే ప్లే అయ్యేటప్పుడు సిగ్నల్ నిజంగా తాకే ఎత్తు, మైనస్ 1 డీబీ దాటకూడదు. యూట్యూబ్ మైనస్ 14 కంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది కానీ, మెల్లగా ఉన్నదాన్ని మామూలుగా పెంచదు. అందుకే మీ మెల్లని కథ మెల్లగానే ఉండిపోతోంది. నేను రెండింటికీ మైనస్ 16 ఫైలే వాడుతున్నాను. ఒంటి గొంతుతో చదివే కథకు అది చాలు.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి, అక్కడ ముందే ఉండే మైనస్ 23ని మైనస్ 16గా మార్చండి. మోనో (ఒకే చానెల్) రికార్డింగ్ అయితే 'డ్యూయల్ మోనో' టిక్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే 3 డీబీ ఎక్కువ గట్టిగా వస్తుంది.

కానీ అంకె సరిపోయినంత మాత్రాన మాట స్పష్టంగా వినబడదు. ఇది నాకు మా అమ్మ వల్ల తెలిసింది. ఆవిడ వంటింట్లో ఫోన్ గట్టు మీద పెట్టుకుని వింటుంది. ఒకరోజు, "రాజు ఒప్పుకున్నాడా, ఒప్పుకోలేదా? చివర మాట మింగేస్తున్నావురా" అంది. వెనక్కి వెళ్లి విన్నాను. నిజమే. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది, ఊపిరి తగ్గేదీ అక్కడే. జరిగిందో జరగలేదో తేల్చే 'లేదు', ప్రశ్నను ప్రశ్న చేసే 'ఆ' కూడా ఆ చివరి అక్షరాల్లోనే ఉంటాయి. అవి వినబడకపోతే కథ తలకిందులవుతుంది. అప్పటి నుంచి నా లెవెల్స్ అన్నీ వాక్యం చివరి మాటను బట్టే పెడుతున్నాను.

దీనికి కంప్రెసర్ కావాలి, అంటే గట్టి మాటకూ మెల్లని మాటకూ మధ్య తేడా తగ్గించే ఎఫెక్ట్. నాకు సరిపడింది రేషియో (ఎంత అణచాలో) 3:1, థ్రెషోల్డ్ (ఏ ఎత్తు దాటితే అణచాలో) మైనస్ 20 డీబీ చుట్టుపక్కల. అంతకంటే బిగిస్తే గొంతులో ప్రాణం పోతుంది, మాటల మధ్య ఫ్యాను మోత కూడా పైకి లేస్తుంది. కంప్రెసర్‌కి ముందు చప్పట్లు, దగ్గు, బల్ల దెబ్బ లాంటివి సెలెక్ట్ చేసి చేత్తోనే తగ్గించండి. కంప్రెసర్ తరువాత లౌడ్‌నెస్ నార్మలైజేషన్, ఆఖరున మైనస్ 1.5 డీబీ దగ్గర లిమిటర్, అంటే సిగ్నల్‌ని ఆ హద్దు దాటనివ్వని ఎఫెక్ట్. ఈ వరుస మార్చకండి.

రికార్డింగ్‌లో మైక్‌కి జానెడు దూరంలో, కాస్త పక్కగా కూర్చోండి. రికార్డింగ్ మీటర్‌లో మామూలు మాట మైనస్ 12 డీబీ దగ్గర ఆడాలి, అరుపు మైనస్ 6 దాటకూడదు. 0 తాకి చిట్లిన గొంతు తరువాత పూర్తిగా బాగుపడదు. తక్కువగా రికార్డయితే పెంచుకోవచ్చు.

అప్‌లోడ్ చేశాక కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. కంటెంట్ లౌడ్‌నెస్ అని ఒక అంకె కనిపిస్తుంది. మైనస్ 8 అని ఉంటే మీ కథ యూట్యూబ్ కొలత కంటే 8 డీబీ కింద ఉందన్నమాట. మీ పాత కథలన్నీ ఇలా చూసుకుంటే ఏవి మెల్లగా ఉన్నాయో పది నిమిషాల్లో తేలిపోతుంది. యూట్యూబ్‌లో అదే లింకు ఉంచి ఫైలు మార్చే వీలు లేదు కాబట్టి, మరీ కింద ఉన్నవాటిని మాత్రమే మళ్లీ ఎక్కించండి. మైనస్ 2, 3 ఉన్నవాటిని వదిలేయండి.