జాకీ మీద కారు, బెల్టు చివర రంపం

పోయిన నెల పాత ఆయిల్ ఇంజన్ల గురించి రాశాక వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకే సంగతి చుట్టూ, అంటే కారు చక్రానికి బెల్టు వేసి యంత్రాలు తిప్పడం చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. మిక్సీ బేరింగుల గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఒహాయోలో ఉంటాడు సార్. మేం వెళ్ళినప్పుడు పాత యంత్రాల ప్రదర్శనకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక పాత ఫోర్డు కారుని వెనక ఒక పక్క జాకీతో పైకెత్తి, ఆ చక్రానికి బెల్టు వేసి కట్టెలు కోసే రంపం తిప్పుతున్నారు. జనం కోసం చేసిన తమాషానా, అప్పట్లో నిజంగానే ఇలా వాడేవారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: నిజంగానే వాడేవారు మాస్టారూ. మీరు చూసింది మోడల్ టీ అయ్యుంటుంది. 1908 నుంచి 1927 దాకా ఆ కార్లు కోటిన్నర తయారయ్యాయి. మొదట్లో 850 డాలర్లు పలికింది, 1925కల్లా చవక రకం 260కే వచ్చేసింది. దాంతో ఓ మోస్తరు రైతు ఇంట్లోకి కూడా కారు వచ్చింది గానీ కరెంటు రాలేదు, 1930ల మొదట్లో కూడా అమెరికాలో పది కమతాలు ఉంటే ఒక్కదానికే కరెంటు ఉండేది. 20 హెచ్‌పీ ఇంజన్ ఒకటి సంతకీ చర్చికీ పోయొచ్చి మిగతా వారమంతా కొట్టంలో ఊరికే పడుంటే, దాని పక్కనే కూర్చుని చేత్తో కట్టెలు కోసుకునే రైతు ఏ దేశంలో ఉంటాడు చెప్పండి?

అలా కట్టెలు కోశారు, మొక్కజొన్న కంకులు ఒలిచారు, పశువుల దాణా పిండి పట్టారు, నీళ్ళు తోడారు. చక్రానికి బోల్టులతో బిగించుకునే పుల్లీలు బజార్లో అమ్మేవాళ్ళు. వెనక పెద్ద ఇనప చక్రాలు తగిలించి కారుని దుక్కి ట్రాక్టర్‌గా మార్చే సామాను కూడా దొరికేది, స్టాడీ అనే కంపెనీ అయితే దానికి ‘మేక్-ఎ-ట్రాక్టర్’ అని పేరే పెట్టుకుంది. 1917లో ఫోర్డు వాళ్ళే ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ తెచ్చాక ఆ ముచ్చట మెల్లగా తగ్గింది. పెద్ద నూర్పిడి యంత్రాలు మాత్రం ఈ కారు వల్ల అయ్యే పని కాదు, వాటికి ఆవిరి ఇంజన్లో, పెద్ద ట్రాక్టర్లో కావాలి.

అయితే అందరికీ సాఫీగా నడిచిందనుకోకండి. కారు ఇంజన్ కారుని లాగడానికి పుట్టింది, ఒకచోట నిలబడి గంటలకొద్దీ పని చెయ్యమంటే రెండు చోట్ల మొరాయిస్తుంది.

ఒకటి వేడి. ఆ కారుకి నీళ్ళ పంపు లేదు. వేడెక్కిన నీళ్ళు తేలికై రేడియేటర్ పైకి పోవాలి, చల్లబడి బరువెక్కి కిందికి దిగాలి, అంతా దానంతట అదే. రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలి తగిలి సరిపోతుంది, నిలబెట్టి నడిపితే ఒక్క ఫ్యానుతో ఏం సరిపోతుంది, కాసేపటికి అన్నం కుండలా ఆవిర్లు కక్కుతుంది. అందుకే కొందరు విడిగా నీళ్ళ పంపు కొని తగిలించుకునేవాళ్ళు.

రెండోది గవర్నర్ లేకపోవడం. రాజ్‌భవన్ గవర్నర్ కాదండోయ్, మన ఆయిల్ ఇంజన్‌కి ఉండేది. లోడు పడగానే ఇంధనం పెంచి, లోడు తగ్గగానే తగ్గించి, స్పీడు ఒకేలా ఉంచే ఏర్పాటు అది. మోడల్ టీలో అది లేదు, స్టీరింగ్ కింద చేత్తో జరిపే లివర్ ఉందంతే. దుంగ మీద రంపం పడగానే ఇంజన్ మూలుగుతుంది, ముక్క తెగి పడగానే ఒక్కసారిగా రంకెలేస్తుంది. ఇక ఒకరు దుంగ పెడుతుంటే ఇంకొకరు ఆ లివర్ దగ్గరే కాపలా. దీనికి కూడా తగిలించుకునే గవర్నర్లు వచ్చాయి, కొనుక్కోగలిగినవాళ్ళు కొన్నారు.

ప్రశ్న: సార్, వెనక ఒక చక్రం గాల్లో, ఇంకోటి నేల మీద ఉంటే కారు ముందుకి దూకదా? గాల్లో చక్రం ఎంత స్పీడుతో తిరుగుతుంది?
– ఐటీఐ విద్యార్థి, కరీంనగర్

జవాబు: మంచి ప్రశ్న బాబూ, క్లాసులో డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ళచక్రాల ఏర్పాటు) పాఠం నిద్రపోకుండా విన్నావన్నమాట. స్పీడు సంగతి ముందు చూద్దాం. మోడల్ టీ వెనక ఇరుసులో పళ్ళు 40కి 11, అంటే ఇంజన్ సుమారు 3.64 చుట్లు తిరిగితే క్రౌన్ వీల్ (ఇరుసులోని పెద్ద పళ్ళచక్రం) ఒక్క చుట్టు. టాప్ గేరులో ఇంజన్ 1000 ఆర్పీఎం ఉంటే క్రౌన్ 275. రెండు చక్రాలూ తిరిగితే చెరో 275, కానీ ఒకటి కదలకుండా ఉంది కాబట్టి దాని వాటా కూడా గాల్లో ఉన్నదానికే పోయి 550 అవుతుంది. 30 అంగుళాల చక్రం 550 తిరగడమంటే దాని అంచు గంటకి దగ్గర దగ్గర 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క, ఇంజన్ మాత్రం 40లో పోతున్నంత నిదానంగానే ఉంటుంది. ఆ టైరు మీదే బెల్టు వేసి అవతల 10 అంగుళాల పుల్లీ పెట్టావనుకో, రంపం 1650 మీద ఉంటుంది. నేనైతే ఆ దరిదాపుల్లో నిలబడను.

ఇక దూకుడు సంగతి. డిఫరెన్షియల్ స్పీడుని రెండు చక్రాలకీ సమానంగా పంచకపోవచ్చు గానీ తిప్పే బలాన్ని మాత్రం సమానంగానే పంచుతుంది. బెల్టు చక్రం ఎంత బలంతో రంపాన్ని తిప్పుతోందో, నేల మీది చక్రం అంతే బలంతో కారుని ముందుకి తోస్తూ ఉంటుంది. చాలామందికి తట్టనిది ఇదే. హ్యాండ్ బ్రేకు వేద్దామంటే మోడల్ టీలో అదీ కుదరదు, ఆ లివర్ వెనక్కి లాగితే వెనక బ్రేకులు పడటంతో పాటు కారు న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. టాప్ గేరు కావాలంటే లివర్ ముందుకి పెట్టాల్సిందే, అప్పుడు బ్రేకు ఉండదు. కాబట్టి కారు మొత్తం చక్రాల కింద పెట్టిన చెక్క దిమ్మల దయ మీద నిలబడి ఉంటుంది. జాకీ జారి తిరుగుతున్న చక్రం నేలకి తగిలిందంటే కారు నేరుగా గోడలోకో, గోతిలోకో పోతుంది.

బెల్టుని 8 అంకెలా మెలితిప్పి వేస్తారు, గమనించావా? అలా వేస్తే అవతలి పుల్లీ ఎదురు తిరుగుతుంది, పైగా బెల్టు పుల్లీని ఎక్కువ మేర చుట్టుకుని పట్టు బాగుంటుంది. ప్రదర్శనకి వెళితే ఆ బెల్టు సాగిన వరసలో మాత్రం నిలబడకు. చిన్నప్పుడు మా ఊరి పిండిమరలో బెల్టు తెగి రేకుల గోడని కొట్టిన మోతకి, సంచులు పట్టుకుని వరసలో ఉన్న ఆడవాళ్ళంతా పిండి వదిలేసి పరుగు. లోపల మనిషికి ఏమీ కాలేదు గానీ రేకుకి పడ్డ సొట్ట చాలా ఏళ్ళు అలాగే ఉండేది.

ప్రశ్న: కారుతో బట్టలు కూడా ఉతికారని విన్నాను, నమ్మొచ్చా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: నమ్మొచ్చమ్మా. వాషింగ్ మిషన్‌కి బెల్టు వేసి తిప్పారు, వెన్న కూడా చిలికారు. కానీ నాలుగు బకెట్ల బట్టలకి 2.9 లీటర్ల ఇంజన్ ఏంటి, ఆ పెట్రోల్ ఖర్చేంటి! మేట్యాగ్ కంపెనీ 1910లలోనే చిన్న పెట్రోల్ ఇంజన్‌తో వాషింగ్ మిషన్ తెచ్చింది, కరెంటు లేని ఇళ్ళలో అది బాగా నడిచింది.

ఇంతకంటే విచిత్రం ఇంకోటుంది. 1934లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ అనే ఊళ్ళో, మంచు గుట్ట ఎక్కలేక అలిసిపోయే స్కీయింగ్ వాళ్ళ కోసం ఒక ఫోర్డు కారుతో పొడవాటి మోకు తిప్పారు. తిరిగే మోకు పట్టుకుంటే చాలు, అది గుట్ట పైకి లాక్కుపోతుంది. అమెరికాలో స్కీయింగ్‌కి మొదటి రోప్ టో అదే.

ప్రశ్న: మా తాతగారి 1974 అంబాసిడర్ షెడ్డులో ఉంది. తోటలో కరెంటు సరిగా ఉండదు. ఒక చక్రం ఎత్తి పిండిమర, వీలైతే చిన్న జనరేటర్ తిప్పుకుందామని ప్లాన్. మీ సలహా?
– యువ రైతు, తణుకు

జవాబు: వద్దు తమ్ముడూ. పైన చెప్పిన చిక్కులన్నీ ఉంటాయి, నీ బండికి నీళ్ళ పంపు ఉందన్న ఒక్క ఊరట తప్ప. ఇంకో సంగతి కూడా చూడు. డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ పళ్ళు, అంటే చిన్న పళ్ళచక్రాలు, మలుపుల్లో కాసేపు తిరగడానికి పెట్టినవి, తిన్నగా పోతుంటే వాటికి పనే ఉండదు. ఒక్క చక్రంతో గంటలకొద్దీ లోడు లాగితే అవి ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి, వాటి పిన్ను దగ్గర ఆయిల్ ఆడక కాలిపోతాయి. ఇక జనరేటర్ అంటే స్పీడు కాస్త అటూ ఇటూ అయినా వోల్టేజీ ఎగిరి బల్బులు, మోటార్లు పోతాయి, గవర్నర్ లేకుండా ఆ మాటే ఎత్తకు. పైగా నిలబడి తాగే పెట్రోల్‌కి నువ్వు పట్టే పిండి ఏ మూలకి?

మొత్తం బండితోనే చెయ్యాలన్న సరదా ఉంటే జీపు వేరు సంగతి. 1945లో వచ్చిన విల్లీస్ సీజే-2ఏని రైతుల కోసమే అమ్మారు, దానికి పవర్ టేకాఫ్ (ఇంజన్ బలాన్ని బయటి యంత్రాలకి అందించే ఏర్పాటు), బెల్టు పుల్లీ, గవర్నర్ విడిగా బిగించుకునేలా ఇచ్చారు. పవర్ గేరుబాక్సు వైపు నుంచే వస్తుంది, చక్రం ఎత్తే గొడవే లేదు. అవన్నీ ఉన్న జీపు ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా పిండి పట్టడానికి వాడాలని మనసు రాదు. నీ పనికి సెకండ్‌హ్యాండ్‌లో 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్ ఒకటి చూసుకో, 1500 ఆర్పీఎంది అయితే జనరేటర్‌కీ పనికొస్తుంది.

అంబాసిడర్‌ని మాత్రం రోడ్డెక్కించు. ముందు ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం తీయించి కడిగించు, కార్బ్యురేటర్ విప్పించు, బ్రేకు వాషర్లు మార్పించు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ పోసి, ఒక రాత్రి ఉంచి, పొద్దున హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడు. తేలిగ్గా తిరిగితేనే సెల్ఫ్ కొట్టు, బిగుసుకుని ఉంటే బలవంతం చెయ్యకుండా మెకానిక్‌ని పిలు.