పుప్పొడి డేటాకి టిలియా నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా? ఇరుక్కుంటే ఎవరిని అడగాలి?

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న ఒకసారి క్లుప్తంగా చెప్తాను. బోటనీ ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీలో చేరారు. గోదావరి డెల్టాలో మడ అడవి అంచున తీసిన బురద కోర్‌లో (గొట్టంతో నిలువుగా తీసిన పొరల కడ్డీలో) పుప్పొడి లెక్కిస్తున్నారు. గైడ్‌గారిది ప్లాంట్ టాక్సానమీ, డిపార్ట్‌మెంట్‌లో ఈ పని తెలిసినవాళ్లు లేరు. టిలియా (పుప్పొడి డయాగ్రమ్‌ల ప్రోగ్రాం) నేర్చుకోవాలా, నేరుగా ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలోకి దిగాలా, సందేహం వస్తే ఎవరిని అడగాలి అని అడిగారు.

రెండూ నేర్చుకోండి, కానీ పని పంచండి. డేటా ఉంచుకోడానికి, డయాగ్రమ్ గీయడానికి టిలియా. స్టాటిస్టిక్స్‌కి, ఏజ్ మోడల్‌కి (ఏ లోతు ఎన్నేళ్ల నాటిదో చెప్పే అంచనాకి) ఆర్. అయితే ఈ రెండింటికంటే ముందు చూసుకోవాల్సింది మీ లెక్కల షీట్. నేను చెరువుల కోర్లు, లగూన్ కోర్లు చాలాకాలంగా చేస్తున్నాను, జూనియర్ల ఫైళ్లు కూడా చూస్తుంటాను. "సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదు సార్" అంటూ వచ్చే ఫైళ్లలో చాలావాటికి జబ్బు ఎక్సెల్ షీట్‌లోనే ఉంటుంది.

ఉదాహరణకి లోతు కాలమ్ తీసుకోండి. 10 నుంచి 12 సెంటీమీటర్ల శాంపిల్‌కి 10-12 అని కొట్టి ఎంటర్ నొక్కారనుకోండి, ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 10 చేసేస్తుంది. 48-50 అని కొడితే మాత్రం అలాగే ఉంచుతుంది. అంటే కోర్ పైభాగం తేదీలైపోయి, కిందిభాగం బాగానే ఉంటుంది. పైకి చూస్తే తెలియదు, ఆర్‌లోకి తెచ్చాక నలభై వేల పైచిలుకు అంకెలు లోతులుగా కనిపిస్తాయి. అందుకని మధ్య లోతు ఒక కాలమ్‌లో (11), శాంపిల్ మందం ఇంకో కాలమ్‌లో (2) రాయండి. పెద్ద విషయమేం కాదు గానీ ఒక వారం మిగులుతుంది.

రెండోది: షీట్‌లో ఉండాల్సింది లెక్కపెట్టిన రేణువుల సంఖ్య, శాతం కాదు. శాతాలు మాత్రమే దాచుకుని అసలు లెక్కలు పోగొట్టుకున్న థీసిస్‌లు చూశాను. శాతం నుంచి వెనక్కి వెళ్లలేం. ఆర్‌లోని వీగన్ ప్యాకేజీలో రేర్‌ఫాక్షన్ (అన్ని శాంపిళ్లనీ ఒకే లెక్కకి తెచ్చి పోల్చడం) చేసి ఏ పొరలో ఎన్ని రకాల మొక్కలున్నాయో పోల్చాలంటే పూర్ణాంకాలే కావాలి. లైకోపోడియం (సాంద్రత లెక్కకోసం శాంపిల్‌లో టాబ్లెట్లుగా కలిపే, సంఖ్య ముందే తెలిసిన స్పోర్లు, అంటే సిద్ధబీజాలు) లెక్క కూడా అదే వరసలో ఉండాలి, టాబ్లెట్ల బ్యాచ్ నంబరుతో సహా. ఒక్కో బ్యాచ్‌లో బీజాల సంఖ్య ఒక్కోలా ఉంటుంది, అది డబ్బా మీద రాసి ఉంటుంది. డబ్బా అయిపోగానే పారేస్తే ఆ అంకె పోయినట్టే.

ఆ అంకె ఎందుకంటే, ఒక సీసీ బురదలో 18,500 బీజాలున్న టాబ్లెట్లు రెండు వేశారనుకుందాం, మొత్తం 37,000. స్లైడ్ మీద 300 పుప్పొడి రేణువులు, 100 లైకోపోడియం కనిపించాయి. 300ని 37,000తో హెచ్చించి 100తో భాగిస్తే సీసీకి 1,11,000 రేణువులు. టిలియా ఈ లెక్క తనే చేస్తుంది, కానీ పరిమాణం, టాబ్లెట్ల సంఖ్య, బ్యాచ్ విలువ మీరు ఇవ్వాలి. ఒక్కసారైనా కాగితం మీద చేసి చూడండి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబు పది రెట్లు తేడాగా వస్తే అప్పుడే పట్టుకోగలుగుతారు.

మూడోది పేర్లు. ఒక స్లైడ్‌లో పోయేసీ, ఇంకో స్లైడ్‌లో గ్రామినే అని రాస్తే కంప్యూటర్‌కి అవి రెండు వేరే మొక్కలు. మన దగ్గర మైక్రోస్కోప్ కింద విడదీయలేక కలిపి రాసే జంటలు కూడా ఉన్నాయి: కాంబ్రెటేసీ-మెలాస్టొమటేసీ, మోరేసీ-అర్టికేసీ, చీనోపోడియేసీ-అమరాంథేసీ. ప్రతి పేరుకీ ఒకే స్పెల్లింగ్, పక్కనే గుంపు (మడ చెట్టు, చిత్తడి మొక్క, పొలం కలుపు, అడవి చెట్టు) రాసిన చిన్న పట్టిక ఒకటి పెట్టుకోండి. టిలియా పేర్లని నియోటోమా అనే ప్రాచీన పర్యావరణ డేటాబేస్‌లోని పేర్లతో సరిపోల్చి చూపిస్తుంది, అక్కడ ఈ పట్టిక పనికొస్తుంది.

ఇక టిలియా సంగతి. ఇలినాయ్ స్టేట్ మ్యూజియంలో పనిచేసిన ఎరిక్ గ్రిమ్ రాసిన ప్రోగ్రాం ఇది. 2020లో ఆయన చనిపోయారు. కానీ పుప్పొడి డయాగ్రమ్ అనగానే మన కళ్లముందు మెదిలే రూపం, అంటే ఎడమన లోతు, పక్కన వరసగా నల్లటి సిల్హౌట్లు, తక్కువగా ఉన్నవాటికి పది రెట్ల నీడ, కుడిచివర ఏ పొరలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో చూపే గుంపుల చెట్టు (డెండ్రోగ్రామ్), చాలావరకు ఈ ప్రోగ్రాం ద్వారానే జనానికి అలవాటైంది. ఆ చెట్టు గీసే కానిస్ పద్ధతి కూడా ఆయనదే, 1987లో ప్రచురించారు. పక్కపక్కన ఉన్న పొరల్ని మాత్రమే కలుపుతూ పోతుంది కాబట్టి కాలక్రమం చెదరదు. టిలియా విండోస్‌లోనే నడుస్తుంది. మ్యాక్ ఉంటే లోపల వర్చువల్‌గా విండోస్ పెట్టుకోవాలి, లేదా ల్యాబ్ కంప్యూటర్ మీద పని కానివ్వాలి. డయాగ్రమ్ వరకే అయితే రెండు మూడు రోజులు కూర్చుంటే చేయి తిరుగుతుంది.

పాత పేపర్లలో సింపోల్, సీ2, పోల్‌పాల్ అనే పేర్లు కనిపిస్తాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అవి అక్కర్లేదు.

ఆర్‌లో ముందుగా కావాల్సింది స్టీవ్ జగ్గిన్స్ రాసిన రియోజా ప్యాకేజీ. అందులో స్ట్రాట్.ప్లాట్ అనే ఫంక్షన్ డయాగ్రమ్ గీస్తుంది. మొదటిసారి గీసినప్పుడు కోర్ తలకిందులుగా వస్తుంది, పై పొర అడుక్కి, అడుగు పొర పైకి. అన్ని మొక్కలకీ ఒకే వెడల్పు వస్తుంది, రెండు శాతం ఉన్నదీ అరవై శాతం ఉన్నదీ సమానంగా కనిపిస్తాయి. కంగారు పడకండి. వై.రెవ్ దగ్గర ట్రూ, స్కేల్.పర్సెంట్ దగ్గర ట్రూ అని ఇస్తే రెండూ సర్దుకుంటాయి. కానిస్‌కి సీహెచ్‌క్లస్ట్, ఎన్ని జోన్లు (ఒకేలాంటి పుప్పొడి ఉన్న పొరల గుంపులు) నిజంగా ఉన్నాయో చూడటానికి బీస్టిక్. ఈ రెండోది తప్పకుండా చేయండి. కంటికి నచ్చిన చోటల్లా గీత గీసి ఏడెనిమిది జోన్లు చూపిస్తే రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. జీజీప్లాట్ అలవాటున్నవాళ్లకి టైడీపాలియో అనే ప్యాకేజీ ఇంకా సులువుగా ఉంటుంది.

మీది మడ అడవి కోర్ కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ చెప్పని విషయం ఒకటుంది. శాతాలు తీసేటప్పుడు మొత్తంలో ఎవరిని కలపాలి? రైజోఫొరా అనే మడ చెట్టు పుప్పొడి విపరీతంగా ఉత్పత్తి చేస్తుంది, గాలికి చాలా దూరం పోతుంది. మరో మడ చెట్టు అవిసీనియాకి పురుగుల మీద ఆధారం ఎక్కువ, పుప్పొడి తక్కువ. కోరింగలో నడిస్తే చుట్టూ కనిపించేది ఎక్కువగా అవిసీనియా, తిల్ల చెట్లు. స్లైడ్ మీద నిష్పత్తి మాత్రం అలా ఉండనక్కర్లేదు. రైజోఫొరాని మొత్తంలో కలిపారంటే, అది పెరిగిన ప్రతిచోటా గడ్డీ అడవిచెట్లూ తగ్గినట్టు కనిపిస్తాయి, నిజానికి ఒడ్డు మీద ఏమీ మారకపోయినా సరే. అందుకని రెండు మొత్తాలు పెట్టుకోండి: మడ మొక్కలతో కలిపి ఒకటి, ఒడ్డు మొక్కలకే ఒకటి. దాంతోపాటు ఇవాళ్టి పై బురద శాంపిళ్లు కొన్ని వేర్వేరు చోట్ల తీసి లెక్కించండి. ఏ చెట్టు కింద ఏ పుప్పొడి ఎంత వస్తుందో తెలియకుండా పాత పొరల గురించి చెప్పేదంతా ఊహే అవుతుంది. పోల్చుకోడానికి గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రంలో తీసిన ఎన్‌జీహెచ్‌పీ-16ఏ కోర్ ఉంది, దాని పుప్పొడి ఫలితాలు 2015లో వచ్చాయి. చదవకపోతే ముందు అది చదవండి.

ఏజ్ మోడల్‌కి బేకన్. మార్టెన్ బ్లావ్, ఆంద్రెస్ క్రిస్టెన్ 2011లో తెచ్చారు, ఆర్‌లో ఆర్‌బేకన్ పేరుతో దొరుకుతుంది. ఫోల్డర్ పేరు, అందులోని సీఎస్‌వీ ఫైల్ పేరు ఒకటే ఉండాలి. "ఫైల్ కనపడట్లేదు" అనే ఎర్రర్‌కి చాలాసార్లు కారణం అదే. కాలమ్‌లు ల్యాబ్ నంబరు, వయసు, ఎర్రర్, లోతు, ఇదే వరసలో. సగటున ఒక సెంటీమీటర్ పేరడానికి ఎన్నేళ్లు పట్టింది అనే ప్రయర్ (మీరు ముందే ఇచ్చే అంచనా) విలువని డిఫాల్ట్‌గా వదిలేయకండి. డెల్టాలో బురద చెరువులోకంటే చాలా వేగంగా పేరుకోవచ్చు.

ఇక ఎవరిని అడగాలి అనేది. దీన్ని మూడు ముక్కలు చేసుకోండి, ఎందుకంటే తప్పు చోట అడిగితే మంచి ప్రశ్నకి కూడా జవాబు రాదు.

కోడ్ ఎర్రర్ అయితే స్టాక్ ఓవర్‌ఫ్లో, లేదా ఆ ప్యాకేజీ గిట్‌హబ్ పేజీలోని ఇష్యూస్. అక్కడివాళ్లకి పుప్పొడితో పని లేదు, కాబట్టి కథ చెప్పకండి. డేటాలో మొదటి నాలుగైదు వరసలు డీపుట్ (డేటాని కోడ్‌గా రాసిచ్చే ఆర్ ఫంక్షన్) చేసి అతికించండి, మీరు నడిపిన లైను, వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు పెట్టండి, సెషన్‌ఇన్ఫో (ఆర్, ప్యాకేజీల వెర్షన్లు చూపే ఫంక్షన్) ఇచ్చిన జవాబు జత చేయండి. స్క్రీన్‌షాట్ పెడితే చాలామంది పట్టించుకోరు, అందులోంచి ఎవరూ కోడ్ కాపీ చేసుకోలేరు కదా. నా అనుభవంలో, ఇలా ప్రశ్న తయారుచేస్తుండగానే చాలాసార్లు తప్పు దొరికిపోతుంది. ప్యాకేజీలు రాసినవాళ్లే స్వయంగా జవాబు ఇవ్వడం ఈ రంగంలో మామూలే, జనం తక్కువ కాబట్టి.

డేటాబేస్, పేర్లు, టిలియా ఫైళ్ల గురించి అయితే నియోటోమా వాళ్లు. యూరప్, ఆఫ్రికా, లాటిన్ అమెరికా పుప్పొడి డేటాబేస్‌లన్నీ ఇప్పుడు దాని కిందికే వస్తాయి. స్లాక్‌లో వాళ్ల చర్చలు నడుస్తాయి, స్టివార్డులు అనే స్వచ్ఛంద శాస్త్రవేత్తలు డేటా ఎక్కించడంలో సాయం చేస్తారు. వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ ఒకసారి తెరిచి చూడండి. యూరప్, ఉత్తర అమెరికా చుక్కలతో కిక్కిరిసి ఉంటాయి, మన వైపు దాదాపు ఖాళీ. అక్కడ ఒక గోదావరి చుక్క పెడితే మీ పేరు నిలుస్తుంది. అన్నట్టు, డేటా దించుకోడానికి నియోటోమా2 అనే ఆర్ ప్యాకేజీ ఉంది, చేయి తిరగడానికి ఎవరిదైనా కోర్ తీసుకుని దానిమీద రియోజా నడిపి చూడండి.

మూడోది, అసలు కష్టమైనది: ఇది ఏ పుప్పొడి? ఇక్కడ వాట్సాప్ గ్రూపుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఫొటో పెట్టగానే ముగ్గురు మూడు పేర్లు చెప్తారు, ఎవరూ కొలత అడగరు. వియన్నా విశ్వవిద్యాలయంతో ముడిపడిన పాల్‌డాట్ అనే ఆన్‌లైన్ పుప్పొడి డేటాబేస్‌లో మామూలు మైక్రోస్కోప్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు రెండూ ఉన్నాయి, కానీ మన ఉష్ణమండల మొక్కలు అంతగా దొరకవు. ఆస్ట్రేలియా వాళ్ల పుప్పొడి-బీజాల అట్లాస్‌లో మడ మొక్కలు మెరుగ్గా దొరుకుతాయి. గ్లోబల్ పోలెన్ ప్రాజెక్ట్‌లో గుర్తుపట్టలేని రేణువు ఫొటో పెట్టి ఇతరుల్ని అడగొచ్చు. ఎక్కడ అడిగినా ఒక్క ఫొటో చాలదు. ధ్రువం వైపు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఒక్కోదానికి పైన ఫోకస్, మధ్యలో ఫోకస్, స్కేల్ బార్, ఏ చికిత్స చేశారో ఒక ముక్క. అసిటాలిసిస్ (ఆమ్లాలతో రేణువు శుభ్రం చేసే చికిత్స) చేసినదీ చేయనిదీ సైజులో తేడా వస్తాయి.

ఆన్‌లైన్ కంటే మంచిది పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్. దక్షిణ భారత మొక్కల పుప్పొడి స్లైడ్లు అక్కడ ఎన్నో ఏళ్లుగా పోగయ్యాయి. మడ మొక్కల పుప్పొడి మీద పనిచేసిన తణికైమోని అక్కడివారే. 1986లో కరాచీలో జరిగిన పాన్ ఆమ్ విమానం హైజాక్‌లో ఆయన ప్రాణాలు పోయాయి. ఆయన పని ఇప్పటికీ మీలాంటివాళ్లకి దారి చూపిస్తోంది. గైడ్‌గారితో ముందే ఉత్తరం రాయించి, మీ గుర్తుపట్టలేని రేణువుల ఫొటోలు ప్రింట్ తీసుకుని వెళ్లండి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకి కూడా అలాగే రాయొచ్చు. మీ గైడ్‌గారు టాక్సానమీ మనిషి కావడం నిజానికి మీకు వరం. హెర్బేరియం షీట్ల మీది పువ్వుల నుంచి కేసరాలు అడిగి తీసుకుని మీ సొంత రిఫరెన్స్ స్లైడ్లు చేసుకోవచ్చు. పుప్పొడివాళ్లలో చాలామందికి ఆ వీలే ఉండదు.

చివరగా, మీరు కామెంట్‌లో రాసిన సంగతి: కార్బన్ డేట్లలో కింది పొరది పై పొరకంటే చిన్న వయసు వచ్చిందని. ఏ పదార్థం మీద చేయించారో రాయలేదు. గుల్ల అయితే మెరైన్20 (సముద్ర పదార్థాల కార్బన్ వయసుని క్యాలెండర్ ఏళ్లకి మార్చే కర్వ్) వాడాలి, స్థానిక రిజర్వాయర్ దిద్దుబాటు (సముద్ర నీటిలోని పాత కార్బన్ వల్ల వచ్చే అదనపు వయసుకి సవరణ) కూడా మెరైన్20కి లెక్కించిన విలువే కావాలి, పాత పేపర్లోది ఎత్తి వేయకూడదు. కలప ముక్కో ఆకులో అయితే నేల మీది పదార్థాలకి వాడే కర్వ్ ఇంట్‌కాల్20. వేర్లు కలిసిన బురద అయితే కొత్త వేరు కిందికి దిగి వయసు తగ్గించి ఉండొచ్చు, మడ బురదలో ఇది మామూలే, పీతల బొరియలు సరేసరి. బేకన్ ఫైల్‌లో సీసీ (కాలిబ్రేషన్ కర్వ్) కాలమ్ పెట్టి ఒక్కో డేట్‌కి వేరే కర్వ్ ఇవ్వొచ్చు: 1 అంటే ఇంట్‌కాల్20, 2 అంటే మెరైన్20. ఆ తేడా డేట్‌ని ముందే తీసేయకండి. ఒకటి రెండు వరస తప్పిన డేట్లని బేకన్ తట్టుకుంటుంది. దానితోనూ, అది లేకుండానూ రెండుసార్లు నడిపి, డేట్ల పట్టికా రెండు గ్రాఫులూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.