'పాస్ ద బక్' అంటే డబ్బులు ఇవ్వడం కాదు

ప్రశ్న: ఆఫీసు కాల్‌లో మా మేనేజర్ "లెట్స్ నాట్ పాస్ ద బక్" అన్నారు. బక్ అంటే డాలరే కదా, మధ్యలో డబ్బుల గోల ఎందుకొచ్చింది?

డబ్బుకీ దీనికీ సంబంధం లేదు. ఇది పేకాట మాట, తన బాధ్యతని ఇంకొకరి మీదకి నెట్టేయడం అని అర్థం. దీనివల్ల ఒకసారి నా పరువు పోయింది కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ అమెరికా క్లయింటు నోట ఈ మాట విన్నాను. 'పని ఇంకొకరికి అందించడం' కాబోలని నాకు నేనే అర్థం చెప్పేసుకున్నాను. వారం తిరక్కుండానే, డేటాబేస్ టీమ్ చూడాల్సిన ఓ టికెట్ (పరిష్కరించాల్సిన సమస్య నమోదు) వాళ్ళకి పంపి, స్టేటస్ మెయిల్‌లో "ఐ హావ్ పాస్డ్ ద బక్ టు ద డేటాబేస్ టీమ్" అని దర్జాగా రాశాను. నా నెత్తిమీది బరువు వాళ్ళ నెత్తిన పడేసి చేతులు దులుపుకున్నానని నేనే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టన్నమాట! క్లయింటు నుంచి ఒకే ఒక్క ప్రశ్నార్థకం జవాబుగా వచ్చింది. డేటాబేస్ లీడ్ అయితే రెండు రోజులు నాతో టీకి రాలేదు.

అసలు సంగతి డాలస్‌లో తెలిసింది. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు శనివారం రాత్రుళ్ళు స్నేహితుల ఇంట్లో చిల్లర పెట్టి పోకర్ ఆడేవాళ్ళం. ముక్కలు పంచే వంతు ఎవరిదో గుర్తుగా వాళ్ళ ముందు ఒక బిళ్ళ ఉంటుంది. ఆట అవగానే అది పక్కవాళ్ళ ముందుకు జరుగుతుంది. ఇప్పుడు దాన్ని డీలర్ బటన్ అంటున్నారు. మా బటన్ ఎక్కడో పోయింది, ఆవకాయ సీసా మూతతో పని కానిచ్చేవాళ్ళం. మా ఊళ్ళో పండక్కి ఆడే రమ్మీలో బిళ్ళా లేదు, మూతా లేదు. "ఈసారి పంచేది నువ్వే", "కాదు నువ్వే" అని అరుచుకోవడమే.

19వ శతాబ్దపు అమెరికాలో ఆ గుర్తునే బక్ అనేవారు. బక్ అంటే మగ జింక. జింక కొమ్ము పిడి ఉన్న కత్తిని గుర్తుగా పెట్టేవారు కాబట్టి ఆ పేరొచ్చిందని ఎక్కువమంది చెప్పే కథ. డాలర్‌కి ఆ పేరు రావడానికేమో జింక చర్మాల వ్యాపారం కారణమంటారు, ఆ దారి వేరు.

గమ్మత్తేంటంటే, బల్ల దగ్గర బక్‌ని జరపడం తప్పే కాదు. 1872లో వచ్చిన అమెరికా రచయిత మార్క్ ట్వెయిన్ పుస్తకం 'రఫింగ్ ఇట్'లో నెవాడాలోని ఓ మొరటు మనిషి, స్నేహితుడి అంత్యక్రియల గురించి కొత్త పాస్టర్‌తో మాట్లాడబోతాడు. ఈయన భాష వాడికి ఎక్కదు, వాడి భాష ఈయనకి ఎక్కదు. పాస్టర్ మాటకి ఏం చెప్పాలో తోచక తన వంతు వదిలేస్తూ వాడు ఈ పేకాట మాటే వాడతాడు. నిందేమీ లేదు. నా మెయిల్ ఆ కాలంలో రాసుంటే చెల్లేదేమో!

నింద తర్వాత చేరింది. దాన్ని తిరగేసి పేరు తెచ్చుకున్నవాడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్, స్వయంగా పోకర్ పిచ్చోడు. ఆయన బల్లమీద "ద బక్ స్టాప్స్ హియర్" అనే పలక ఉండేది, అంటే బాధ్యత నా దగ్గరే ఆగుతుంది, ఇంకెవరి మీదకీ నెట్టను అని. ఓక్లహోమాలోని ఎల్ రెనో జైలులో తయారైంది, 1945 అక్టోబరులో ఆయనకి అందింది. వెనకవైపు "ఐయామ్ ఫ్రమ్ మిస్సోరి" అని ఉంటుంది. కళ్ళారా చూపిస్తేగానీ నమ్మను అని దాని భావం. నాకైతే ఆ వెనకవైపే ఎక్కువ నచ్చింది. 1953 జనవరిలో పదవి దిగిపోతూ చేసిన ప్రసంగంలో కూడా, అధ్యక్షుడు ఎవరైనా సరే నిర్ణయం తానే చేయాలి, బక్‌ని ఎవరికీ జరపలేడు అన్నాడు.

తెలుగులో 'నెపం నెట్టడం' దగ్గరగా ఉంటుంది గానీ, తప్పు జరిగాకే నెపం నెడతాం. బక్ జరపడానికి తప్పు జరిగేదాకా ఆగక్కర్లేదు. "ఇది నా సీటు కాదండీ, ఆ మూడో సీట్లో అడగండి" అన్నారు చూడండి, అక్కడే అది జరిగిపోయింది.

కాబట్టి మీ మేనేజర్ అడుగుతున్నది డాలర్లు కాదు. టికెట్ మీ పేరు మీదుంటే మధ్యాహ్నంలోపు ఓసారి తెరిచి చూడండి.