మా స్కూల్ పన్ను ఎటు పోతోంది? టెక్సాస్‌లో ఇల్లు కొన్న పాఠకుడి సందేహం

ప్రశ్న: మేము డాలస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో 2023లో ఇల్లు కొనుక్కున్నాం. నేను హెచ్‌-1బీ వీసాపై పనిచేస్తున్నాను. మా పన్ను బిల్లులో సగానికి పైగా స్కూల్ డిస్ట్రిక్ట్‌కే, అంటే ఇక్కడి ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థకే పోతోంది. ఆ డబ్బును ‘రాబిన్ హుడ్’ చట్టం కింద వేరే డిస్ట్రిక్ట్‌లకు పంపేస్తున్నారనీ, అందుకే మా పాప చదివే ఎలిమెంటరీ స్కూలును మూసేస్తున్నారనీ ఇరుగుపొరుగు అంటున్నారు. మరోపక్క కొత్త స్టేడియానికి బాండ్ (ఓటర్ల ఆమోదంతో తెచ్చే అప్పు) పెడుతున్నారు. దీన్ని కోర్టులో సవాలు చేయవచ్చా? పౌరులం కాని మాకు లెక్కలు అడిగే హక్కు ఉందా?

జవాబు: మీ పన్ను బిల్లులో స్కూల్ డిస్ట్రిక్ట్ పేరు ఎదురుగా ఒకే రేటు కనిపించినా, నిజానికి అది రెండు రేట్ల మొత్తం. మొదటిది ఎం అండ్ ఓ, అంటే టీచర్ల జీతాలు, కరెంటు బిల్లులు, బస్సులు వంటి నిర్వహణ ఖర్చులకు వసూలు చేసేది. రెండోది ఐ అండ్ ఎస్, అంటే ఓటర్లు ఆమోదించిన బాండ్ల అసలు, వడ్డీ తీర్చడానికి వసూలు చేసేది. మీరు చెప్పిన ‘రాబిన్ హుడ్’, చట్టం భాషలో రీక్యాప్చర్, మొదటి దానికే వర్తిస్తుంది. రెండో దానిలో ఒక్క డాలరు కూడా డిస్ట్రిక్ట్ దాటి పోదు.

పోయే డబ్బు కూడా నేరుగా ఫలానా పేద డిస్ట్రిక్ట్‌కు చేరదు. స్థానిక పన్ను వసూళ్లు రాష్ట్ర ఫార్ములా ప్రకారం ఆ డిస్ట్రిక్ట్‌కు రావలసిన మొత్తాన్ని మించినప్పుడు, మిగులును రాష్ట్రానికి కట్టాలి; అది రాష్ట్ర పాఠశాలల నిధిలో కలుస్తుంది. స్థానిక ఆస్తి పన్నుతో స్కూళ్లు నడిపే విధానం కోర్టుల్లో ఎన్నో ఏళ్లు నలిగింది. శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ ప్రాంతపు తల్లిదండ్రులు వేసిన కేసులో అమెరికా సుప్రీం కోర్టు 1973లో 5-4 తేడాతో, చదువు ఫెడరల్ రాజ్యాంగం కింద ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. దాంతో వివాదం రాష్ట్ర కోర్టులకు మళ్లింది. ఒక్కో విద్యార్థికి లెక్కగడితే అత్యంత సంపన్న డిస్ట్రిక్ట్ ఆస్తి విలువకూ, అత్యంత పేద డిస్ట్రిక్ట్ ఆస్తి విలువకూ మధ్య 700 రెట్ల తేడా ఉందని గమనించిన టెక్సాస్ సుప్రీం కోర్టు 1989లో ఆ విధానాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఆ తీర్పు దెబ్బకే 1993లో రీక్యాప్చర్ పుట్టింది. 1995లో అదే కోర్టు దాన్ని సమర్థించింది. 2016లో కూడా, లోపాలున్నా మొత్తం విధానం రాజ్యాంగపు కనీస ప్రమాణాన్ని అందుకుంటోందని తేల్చింది. కాబట్టి రీక్యాప్చర్ చెల్లదంటూ మీరొక్కరే కోర్టుకెక్కడం, నా అభిప్రాయంలో, లాయరు ఫీజు దండగ. మార్పు రావాలంటే ఆస్టిన్‌లోని శాసనసభ నుంచే రావాలి.

మరి డిస్ట్రిక్ట్ ఖర్చులపై దావా వేయవచ్చా? చట్టవిరుద్ధంగా ప్రజాధనం ఖర్చు చేయబోతుంటే ఆపమని అడిగే హక్కు పన్ను చెల్లింపుదారుకు ఉంది. కానీ ఖర్చు తెలివితక్కువది అన్నంత మాత్రాన కోర్టు జోక్యం చేసుకోదు; పని పూర్తయిపోయాక అసలే వినదు. 2000లో బ్లాండ్ డిస్ట్రిక్ట్ కేసులో, స్కూలు భవనం కట్టడం పూర్తయ్యాక దాని చెల్లింపులు ఆపమని వచ్చినవారికి ఆ అర్హత లేదని టెక్సాస్ సుప్రీం కోర్టు చెప్పింది.

స్కూలు మూసివేత, డిస్ట్రిక్ట్‌ను నడిపే ట్రస్టీల బోర్డు అధికారం. దానికి రీక్యాప్చర్ ఒక్కటే కారణమనుకోవడం తొందరపాటు. టెక్సాస్ నిధులను చేరిన పిల్లల సంఖ్యను బట్టి కాక, సగటు రోజువారీ హాజరును బట్టి లెక్కిస్తుంది. ఒక్కో విద్యార్థికి మూల కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2025లో కేవలం 55 డాలర్లు పెరిగింది. పిల్లలు తగ్గితే ఆదాయం తగ్గుతుంది గానీ, సగం ఖాళీగా ఉన్న భవనానికి ఏసీ ఖర్చు సగం కాదు. డిసెంబరులో సెలవులకు ముందు రెండు వారాలు, తర్వాత ఒక వారం కలిపి మనవాళ్లు పిల్లలతో ఇండియా వెళ్లినప్పుడు కూడా ఆ గైర్హాజరు ఈ లెక్కలో పడుతుంది. నొప్పించాలని కాదు, చాలామందికి తెలియదని చెబుతున్నాను.

స్టేడియం బాండ్ సొమ్మును టీచర్ల జీతాలకు మళ్లించడానికి వీల్లేదు. ఓటర్లు ఆమోదించిన పనికే వాడాలి. అందుచేత స్టేడియం వద్దని ఓటేసినంత మాత్రాన స్కూలు బతకదు. 2019 చట్టం తర్వాత ప్రతి స్కూల్ బాండ్ బ్యాలెట్‌పై ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అన్న వాక్యం ఉండి తీరాలి. రేటు పెరగకున్నా ఆ వాక్యం ఉంటుంది కనుక, దాన్ని చూసి కంగారుపడకుండా బాండ్ కింద తలపెట్టిన పనుల జాబితా చదవడం మంచిది.

లెక్కలు అడిగే హక్కు మాత్రం మీకు నిస్సందేహంగా ఉంది. టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం పౌరులకూ ఇతరులకూ తేడా చూపదు. ఎందుకు అడుగుతున్నారని అధికారులు ప్రశ్నించకూడదు. ఈమెయిల్‌లో రాసినా చాలు. అయితే ‘మా స్కూలు ఎందుకు మూస్తున్నారు?’ అని రాస్తే జవాబు రాకపోవచ్చు, ఎందుకంటే ఉన్న పత్రాలివ్వడమే వారి బాధ్యత, ప్రశ్నలకు సమాధానమివ్వడం కాదు. ‘గత ఐదేళ్లలో ఈ స్కూలు నమోదు, సగటు హాజరు, మూసివేత వల్ల మిగిలే ఖర్చుపై బోర్డుకు సమర్పించిన అంచనా పత్రాలు, రీక్యాప్చర్ చెల్లింపుల వివరాలు’ అని రాయండి. ఏదైనా పత్రం ఇవ్వకూడదనుకుంటే డిస్ట్రిక్ట్ సాధారణంగా 10 పనిదినాల్లో అటార్నీ జనరల్ అభిప్రాయం కోరాలి.

బోర్డు సమావేశంలో, ఎజెండాలో ఉన్న అంశంపై ఎవరైనా మాట్లాడవచ్చు. ఇంగ్లీషు రాని మీ అమ్మగారు అనువాదకుడి సాయంతో మాట్లాడితే, సాధారణంగా మిగతావారికి ఇచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఓటు విషయంలో మాత్రం జాగ్రత్త. బాండ్ ఎన్నికైనా, ట్రస్టీల ఎన్నికైనా పౌరులకే ఓటుంటుంది. డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులోని ఓటరు నమోదు ప్రశ్నకు పొరపాటున ‘అవును’ అని గీస్తే అది మీ గ్రీన్ కార్డుకు చేటు. ఓటు వేస్తే దేశం నుంచి పంపేయడానికే కారణం కావచ్చు.

చివరిగా మీరు అడగని విషయమొకటి, ఎందుకంటే మీ జేబుకు వెంటనే మేలు చేసేది ఇదే. బిల్లులో ఎగ్జెంప్షన్ల (మినహాయింపుల) గడిలో ‘హెచ్‌ఎస్’, అంటే హోమ్‌స్టెడ్, అన్న అక్షరాలున్నాయేమో చూడండి. 2025 పన్ను సంవత్సరం నుంచి సొంతంగా నివసించే ఇంటికి స్కూల్ పన్నులో 1,40,000 డాలర్ల విలువ మినహాయింపు ఉంది. రేటు నూటికి ఒక డాలరు అనుకుంటే, 6,00,000 డాలర్ల ఇంటికి 6,000 కాక 4,600 డాలర్లే కడతారు. చట్టం ఇందుకు పౌరసత్వాన్ని షరతుగా పెట్టలేదు. ఇల్లు మీది కావాలి, అదే మీ ప్రధాన నివాసం కావాలి. దరఖాస్తును కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు (ఆస్తి విలువ కట్టే కార్యాలయానికి) ఉచితంగా ఇవ్వవచ్చు. ఫీజు కట్టమని ఇంటికొచ్చే ప్రైవేటు కంపెనీల ఉత్తరాలను చెత్తబుట్టలో వేయండి. ఇప్పటిదాకా పెట్టకపోయినా, ఆ ఏడాది పన్ను బకాయిగా మారే తేదీ నుంచి రెండేళ్ల లోపు దరఖాస్తు చేసుకుంటే ఎక్కువ కట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది. నా దగ్గరికొచ్చే మనవారి దరఖాస్తులు ఎక్కువగా తిరిగి రావడానికి కారణం ఒక్కటే: డ్రైవింగ్ లైసెన్స్‌పై ఇంకా పాత అపార్ట్‌మెంట్ చిరునామానే ఉంటుంది. ముందు దాన్ని మార్పించుకోండి.